తిరిగొచ్చిన కంటైనర్లు, కొనమంటున్న యంత్రం

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కొట్టు పేరు బయటకు రాకూడదన్నారు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను.

ఆమె వయసు 36. బెంగళూరులో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. నాన్నగారికి బైపాస్ జరిగాక ఉద్యోగం మానేసి గుంటూరు వచ్చేశారు. వాళ్లది మిర్చి వ్యాపారం. యార్డులో కమీషన్ కొట్టు తాతగారి కాలం నుంచీ ఉంది. ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ, దాని పక్కనే తొడిమలు తీసి గ్రేడు చేసే షెడ్డు ఉన్నాయి. కొన్నేళ్లుగా విదేశాలకు ఎగుమతి కూడా చేస్తున్నారు. చెక్కుల మీద సంతకం ఇప్పటికీ నాన్నగారిదే. కోల్డ్ స్టోరేజీ, బ్యాంకు పనులు అక్క భర్త చూస్తారు. ఎగుమతి ఆర్డర్లు, ఆఫీసు ఈమె చేతిలో ఉన్నాయి.

పోయిన ఏడాది రెండు కంటైనర్లలో దెబ్బ తగిలింది. ఒకటి యూరప్ వెళ్లింది. ఇక్కడ పరీక్షలో పాసైన సరుకు, అక్కడ అఫ్లటాక్సిన్ ఎక్కువ ఉందని వెనక్కి వచ్చింది. రెండోదాంట్లో, చూపించిన మచ్చుకీ దిగిన సరుకుకీ రంగు తేడా ఉందని కొన్నవాళ్లు డబ్బు కోసుకున్నారు. ఆ తర్వాత బావగారు హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన చూసి, అక్కడి కంపెనీ ఒకదాన్ని కొట్టుకు రప్పించారు. వాళ్లు ఏఐతో పనిచేసేవి రెండు అమ్ముతున్నారు. కెమెరాతో కాయను చూసి గ్రేడు చేసే యంత్రం ఒకటి, మిర్చి ధర ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి. ధర 92 శాతం సరిగ్గా చెబుతుందట. రెండూ కలిపి 58 లక్షలు. నెలాఖరులోగా సంతకం పెడితే తగ్గింపు. ఇవి ముందే ఉండుంటే రెండు కంటైనర్లూ నిలబడేవని బావగారి వాదన.

షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నారు. ఈమె పుట్టకముందు నుంచీ ఆ కొట్టు మనిషి. చుట్టరికం లేకపోయినా బాబాయి అనే పిలుస్తారు. కాయ విరిచి, వాసన చూసి, తేమ ఎంతో, ఘాటు ఎంతో, ఏ వైపు చేనిదో కూడా చెప్పగలరట. యంత్రం మాట చెవినపడ్డ రోజు నుంచి ఆయన ఆఫీసు గదిలోకి రావడం మానేశారు. ఇంకోవైపు ఆఫీసులో ఉన్న కుర్రాళ్లు ఎవరికీ చెప్పకుండానే ఫోన్లలో చాట్‌జీపీటీ వాడుతున్నారు. వాళ్లలో ఒకరు దానితో రాయించిన మెయిల్లో, కొట్టు ఎన్నడూ ఇవ్వని నాణ్యత హామీ ఒకటి విదేశీ కొనుగోలుదారుకు వెళ్లిపోయింది. దాన్ని సర్దుకోవడానికి ఈమెకు వారం పట్టింది.

"నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఏఐ తేవడంలో నేనే ముందుండాలని అందరూ అనుకుంటున్నారు. నాకేమో భయంగా ఉంది. వద్దంటే బావగారి దృష్టిలో పాతకాలపు మనిషినవుతాను. సరేనంటే బాబాయి మొహం చూడలేను. అసలు మాలాంటి సంస్థకు ఏఐ అవసరమా? అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి? బావగారి మాట నెగ్గితే రేపు ఈ వ్యాపారంలో నా మాటకు విలువ ఉంటుందా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీరు ఏఐ గురించి అడిగారు. నేను ఆ రెండు కంటైనర్ల దగ్గర మొదలుపెడతాను. మీ ఇంట్లో ఈ చర్చ లేచింది అక్కడే, డబ్బు పోయిందీ అక్కడే. ఏ సంస్థ అయినా కొత్త సాధనం తెచ్చుకునే ముందు తనకు నష్టం ఎక్కడ జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో కాగితం మీద పెట్టుకోవాలి. మీ ఉత్తరంలో యంత్రం ధర ఉంది, అమ్మేవాళ్లు చెప్పిన శాతాలు ఉన్నాయి. ఆ కంటైనర్లు ఎందుకు దెబ్బతిన్నాయో మాత్రం రెండుసార్లు చదివినా నాకు కనిపించలేదు. బహుశా మీ ఇంట్లో ఎవరూ దాని మీద కూర్చుని మాట్లాడి ఉండరు.

అఫ్లటాక్సిన్ ఒక బూజు వదిలే విషం. కళ్లంలో ఆరేసిన కాయ రాత్రి మంచుకు తడిసినా, బరువు కోసమో కాయ విరగకుండా ఉండటం కోసమో ఎవరైనా నీళ్లు కొట్టినా, తేమ ఆరకముందే టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు ఎత్తినా ఆ బూజు పడుతుంది. యూరప్ దేశాలు మిర్చిలో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటనివ్వవు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. అంత తక్కువ మోతాదు ప్రయోగశాలలో తప్ప తేలదు. పైగా అది సరుకంతటా ఒకేలా ఉండదు. ఒక టిక్కీలో అసలు ఉండకపోవచ్చు, పక్క టిక్కీలో గుప్పెడు కాయల్లోనే దండిగా ఉండొచ్చు. ఇక్కడ మచ్చు తీసిన టిక్కీలు వేరు, అక్కడ తీసినవి వేరు. కాబట్టి ఇక్కడ పాసై అక్కడ తప్పడంలో వింతేమీ లేదు. కెమెరా చూసేది కాయ పైతోలు. బూజు పైకి కనిపించేంతగా ముదిరిన కాయల్ని అది ఏరేస్తే ప్రమాదం కొంత తగ్గుతుంది, కాదనను. లోపలి విషాన్ని మామూలు కెమెరా పట్టలేదు. యంత్రం ఉంటే ఆ కంటైనర్ నిలబడేదన్న మాటను కంపెనీవాళ్లను కాగితం మీద రాసివ్వమనండి. రాసిస్తారని నేననుకోను.

రెండో కంటైనర్ సంగతి వేరు. మిర్చి రంగు నిల్వలో తగ్గుతుంది. వేడి, వెలుతురు, గాలి మూడూ దాన్ని తినేస్తాయి, చల్లదనం ఆ వేగాన్ని తగ్గిస్తుందంతే. మీ కొనుగోలుదారులు రంగును ఆస్టా అంకెల్లో అడుగుతారు. కాయలోని రంగును ద్రావకంలోకి దించి కొలిచే లెక్క అది. కంటికి, కెమెరాకు కనిపించే ఎరుపుతో దానికి సంబంధం ఉంది, కానీ రెండూ ఒకటి కాదు. అందుకే అడుగుతున్నాను: మచ్చు ఏ నెలలో తీశారు? లోడింగ్ ఎప్పుడు జరిగింది? మచ్చు కొత్త కాయదై, వెళ్లింది కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి నిల్వ ఉన్న ఏసీ సరుకైతే, గ్రేడింగును తప్పుపట్టి లాభం లేదు. అలా కాక తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ కలిసిపోవడం వల్ల రంగు తగ్గి ఉంటే మాత్రం బావగారు చెప్పిన యంత్రం నిజంగా పనికొస్తుంది. తాలు ఏరడంలో కెమెరా మంచి పనిమంతురాలు.

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే 58 లక్షల చర్చ సగం తేలిపోతుంది. కాబట్టి ఈ నెలాఖరు లోపల చేయాల్సింది సంతకం కాదు, ఒక చిట్టా. గడిచిన మూడేళ్లలో వెనక్కి వచ్చిన, కోత పడిన, గొడవైన ప్రతి లాటుకూ ఒక వరుస. ఏ రైతు, ఏ ఊరు, ఏ రకం, ఏ తేదీన ఏ ఛాంబర్‌లో పెట్టారు, ఎవరు గ్రేడు చేశారు, ల్యాబ్ రిపోర్టు ఏమంది, ఎంత పోయింది. మామూలు ఎక్సెల్ చాలు. సగం గళ్లు ఖాళీగా ఉంటాయని నా అంచనా. అలా ఉంటే అదే మీకు దొరికిన మొదటి సమాధానం. ఏ ఏఐ అయినా నేర్చుకునేది ఈ గళ్లలోంచే. గళ్లు ఖాళీగా ఉన్న సంస్థకు అది వేరేవాళ్ల అనుభవాన్నే మీ పేరు మీద చెబుతుంది. వచ్చే సీజన్ నుంచి ఈ వరుసలు నిండేలా చూడటమే మీ వ్యాపారంలో జరగబోయే పెద్ద మార్పు కావచ్చు. దానికి టిక్కీకి ఒక చీటీ, నమ్మకంగా రాసే ఒక మనిషి కావాలి.

మీ నాన్నగారినీ బావగారినీ కూర్చోబెట్టి తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న కూడా ఇందులోనే ఉంది. ఐదేళ్ల తర్వాత మీ కొట్టు ఏమై ఉండాలి? కమీషన్ మీద నడిచే కొట్టుగా ఉంటే, మీ బలం రైతులతో ఉన్న నమ్మకం, సకాలంలో చేసే చెల్లింపు. అక్కడ ఏఐ పెద్దగా చేసేదేమీ లేదు, లెక్కల్లో, రైతులకు వాట్సాప్‌లో రేట్లు పంపడంలో కాస్త సాయపడుతుందంతే. ఏ చేనిదో, ఏ మందు కొట్టారో, ఏ పరీక్ష దాటిందో చెప్పి అమ్మే ఎగుమతిదారు కావాలనుకుంటే, లాట్ల రికార్డూ ల్యాబూ మీద మొదట ఖర్చు పెట్టాలి, కెమెరా ఆ తర్వాత. స్టాకు పెట్టి ధర పెరిగాక అమ్మడమే వ్యాపారమనుకుంటే అప్పుడే ధర చెప్పే సాఫ్ట్‌వేర్ ముఖ్యమవుతుంది. మీ బావగారు కోల్డ్ స్టోరేజీ చూస్తున్నారు కాబట్టి ఆయన మనసు ఆ మూడోదాని మీద ఉండటం సహజం. మీది రెండోదాని మీద ఉంది. మీ ఇద్దరి మధ్య ఉన్న తేడా ఏఐ గురించి కాదని నాకనిపిస్తోంది. కొట్టు ఎటు పోవాలన్నదాని మీద మీరిద్దరూ ఎన్నడూ ఎదురెదురుగా మాట్లాడుకోలేదు.

ఇక ఆ ధర చెప్పే సాఫ్ట్‌వేర్. దీని మీద నా అభిప్రాయం గట్టిదే, ముందే చెబుతున్నాను: దాని మాట మీద స్టాకు పెట్టకండి.

మిర్చి ధర చరిత్ర మీకు నాకంటే బాగా తెలుసు. 2016లో క్వింటాలు పది వేలు దాటి పలికిన కాయ 2017 వేసవికి ఎంతకు పడిందో, చివరికి కేంద్రమే 5,000 ధరకు కొనుగోలు ప్రకటించాల్సి వచ్చిందో ఆ ఏడాది మీ నాన్నగారి లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. 2021లో నల్ల తామర పురుగు చేలమీద పడింది. అంతకుముందు మన మిర్చిలో అలాంటి దాడి లేదు. పాత ధరలన్నీ చదివి నేర్చుకున్న ఏ సాఫ్ట్‌వేర్‌కూ ఆ పురుగు రాబోతోందని తెలిసే వీలే లేదు. పంట పోయింది, ధర ఎక్కడికో వెళ్లింది. ఆ ధర చూసి రైతులు విస్తీర్ణం పెంచారు. 2025 ఫిబ్రవరికి ధర మళ్లీ పడి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి, రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సిన స్థితి వచ్చింది. మీ వ్యాపారంలో లాభమూ నష్టమూ ఇలాంటి మలుపుల్లోనే ఉన్నాయి. మలుపుల్లేని రోజుల్లో ధర వందో రెండొందలో అటూ ఇటూ కదులుతుంది. అప్పుడు నిన్నటి ధరే రేపూ ఉంటుందని చెప్పినవాడు కూడా చాలాసార్లు దగ్గరగానే చెబుతాడు. 92 శాతం అన్నది ఏ రోజుల లెక్క? ఎంత తేడా ఉంటే సరైనదని లెక్కవేశారు? ధర విరిగిన వారాల్లో అది ఏం చెప్పింది? ఈ మూడూ అడగండి.

అమెరికాలో జిల్లో అనే పెద్ద కంపెనీ ఇళ్ల ధరలను ఇలాగే అల్గారిథంతో అంచనా వేసి, తానే ఇళ్లు కొని అమ్మే వ్యాపారం పెట్టింది. వాళ్ల దగ్గర ఉన్నంత సమాచారం, ఇంజినీర్లు మన దగ్గర ఎవరికీ ఉండరు. 2021 నవంబరులో ఆ వ్యాపారం మూసేసి, ఉద్యోగుల్లో దాదాపు నాలుగో వంతును తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఇళ్ల ధరలు తాము ఊహించినదానికంటే ఎక్కువగా మారిపోతున్నాయని వాళ్లే ఒప్పుకున్నారు. ధర గురించి ఒక అంచనా తెలుసుకోవడం ఒక ఎత్తు, దాని మీద సొంత డబ్బు పెట్టి సరుకు కొనడం ఇంకో ఎత్తు. వాళ్లు రెండోది చేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఆ హైదరాబాద్ కంపెనీ మీ ఒక్కరికే అమ్మదు. మీ పక్క కొట్టుకు, ఎదురు కోల్డ్ స్టోరేజీకి కూడా అమ్ముతుంది. "ఆగండి, పెరుగుతుంది" అని అందరికీ ఒకే రోజు చెబితే అందరూ ఆగుతారు. తర్వాత అందరి ఏసీ సరుకూ ఒకేసారి బయటకొస్తుంది.

బావగారికి పూర్తిగా వద్దని చెప్పాల్సిన పనిలేదు. ఒక సీజన్ పాటు కొనకుండా, ఉచితంగానో నెలవారీ చిన్న మొత్తానికో తీసుకుని పరీక్ష పెట్టమనండి. ఒక పుస్తకంలో మూడు గళ్లు గీయండి. వారం తర్వాత తేజ రకం మిర్చి ధర ఎంత ఉంటుందో సాఫ్ట్‌వేర్ చెప్పింది ఒకదాంట్లో, బాబాయి చెప్పింది ఒకదాంట్లో, మూడోదాంట్లో ఈరోజు యార్డు ధరే. యార్డు వేసవి సెలవులు వచ్చేనాటికి ఏది దగ్గరగా ఉందో నాన్నగారే చూసుకుంటారు. సాఫ్ట్‌వేర్ నెగ్గితే బావగారి మాటకు బలం వస్తుంది, మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. మూడో గడి నెగ్గితే డబ్బు మిగిలింది. ఒక్క సీజన్ ఫలితం కూడా పూర్తి రుజువు కాదని మరవకండి. ఆ ఏడాది మలుపేమీ రాకపోతే పరీక్ష సగమే జరిగినట్టు.

గ్రేడింగ్ యంత్రం మీద నాకు ఇంత అనుమానం లేదు. మన జిల్లాల్లో సార్టెక్స్ బియ్యం అనే మాట తెలియని ఇల్లు లేదు. ఆ సార్టెక్స్ అంటే కెమెరాతో ఒక్కో గింజను చూసి, రంగు మారిన గింజను గాలితో ఊదేసే యంత్రమే. రైసు మిల్లుల్లో అది ఎప్పటినుంచో ఉంది, దాన్ని ఎవరూ ఏఐ అని భయపడలేదు. మిర్చి కాయ బియ్యపు గింజలా ఒకే ఆకారంలో ఉండదు, వంకర్లు తిరుగుతుంది, ఒకదాని కింద ఒకటి దాక్కుంటుంది, కాబట్టి పని కష్టం. అయినా తాలు, విరిగిన కాయ, రాయి, పుల్ల ఏరడంలో ఇలాంటి యంత్రం రోజంతా అలసిపోకుండా పనిచేస్తుంది. సాయంత్రం ఐదింటికి మనిషి కన్ను ఎలా ఉంటుందో షెడ్డులో మీరు చూస్తూనే ఉంటారు. కానీ ఘాటు అది చెప్పలేదు. వాసన చూడలేదు. తేమకు వేరే పరికరం కావాలి.

మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పుడే కొనేయడం మొదటిది. తగ్గింపు దక్కుతుంది, బావగారు సంతోషిస్తారు. కానీ అది మీ రకాల మీద ఎలా పనిచేస్తుందో తెలియకుండా కొన్నట్టవుతుంది. తేజ మీద చక్కగా నేర్చిన యంత్రం ముడతలు పడే బ్యాడిగి రకం కాయ దగ్గర తడబడొచ్చు. కంపెనీ రెండేళ్లలో మూతపడితే మరమ్మతుకు దిక్కుండదు. రెండో దారి, ఒక్క సీజన్, ఒక్క రకం, ఒక్క లైను అద్దెకు పెట్టడం. రోజూ యంత్రం ఏరినదాంట్లోంచి ఒక టిక్కీని బాబాయి మళ్లీ చూడాలి, ఆయన చూసిన ఒక టిక్కీని యంత్రంలో వేయాలి, తేడాలు రాయాలి. అద్దె కింద కొంత పోతుంది, తగ్గింపు పోతుంది, పని రెండింతలవుతుంది. నేను మీ స్థానంలో ఉంటే దీనికే మొగ్గుతాను. మూడోది, యంత్రం ఉన్న వేరే యూనిట్‌లో కంటైనర్ సరుకు మాత్రమే జాబ్ వర్క్‌కు ఇవ్వడం. పెట్టుబడి ఉండదు, కానీ సరుకు మీ కళ్ల ముందు ఉండదు. మీ కొనుగోలుదారు ఎవరో, మీ సరుకు ఎలాంటిదో నలుగురికీ తెలుస్తుంది.

ఈ యంత్రం వల్ల కొందరికి పని తగ్గుతుంది. షెడ్డులో తాలు ఏరే ఆడవాళ్లు ఊళ్లనుంచి ఆటోల్లో వచ్చి, సీజన్ కూలీ మీద ఏడాదంతా ఇల్లు నడుపుకునేవాళ్లు. మీ ఉత్తరంలో బాబాయి గురించి రెండు పేజీలున్నాయి, వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. మీది తప్పని అనడం లేదు, బాబాయి ఎదురుగా కనిపిస్తారు కాబట్టి ఆయన బాధే మీకు తగిలింది. తొడిమలు తీసే పని ఎలాగూ ఉంటుంది, లాట్ల చీటీలకూ తేమ చూడటానికీ కొత్తగా మనుషులు కావాలి. ఎంతమందిని ఎటు మార్చగలరో, ఎంతమందికి పని ఇవ్వలేరో సీజన్‌కు ముందే లెక్కగట్టి ముందే చెప్పండి. ఫిబ్రవరిలో షెడ్డు గేటు దగ్గరకు వచ్చాక చెబితే వాళ్లు వేరే పని వెతుక్కునే వీలు కూడా ఉండదు.

బాబాయి గురించి మీరు గమనించని విషయం ఒకటి ఉంది. ఆ యంత్రం మీ షెడ్డులో పనిచేయాలంటే మొదట ఎవరో దానికి నేర్పాలి. వేల కాయల ఫొటోలు తీసి ఇది డీలక్స్, ఇది మీడియం, ఇది తాలు అని గుర్తుపెట్టాలి. ఆ గుర్తులు పెట్టే కన్ను బాబాయిదే అవుతుంది. అంటే ఆయన ముప్పై, నలభై ఏళ్ల నేర్పు ఆ కంపెనీ కంప్యూటర్‌లోకి వెళుతుంది. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే, దాన్ని వాళ్లు మీ పక్క షెడ్డుకూ అమ్ముకుంటారు. మీ ఫొటోలు, మీ గ్రేడు గుర్తులు ఎవరి ఆస్తి, వాటితో నేర్పిన మోడల్‌ను వేరేవాళ్లకు ఇవ్వొచ్చా, మీరు మానేస్తే అవి తిరిగి ఇస్తారా, ఈ మూడూ సంతకానికి ముందు కాగితం మీద ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ అనుభవం మీ ఇంట్లో అందరికంటే ఎక్కువగా పనికొచ్చేది ఈ చోటే. ఈ నేర్పే పనికి బాబాయికి జీతం కాక విడిగా డబ్బివ్వాలని నా గట్టి అభిప్రాయం. యంత్రానికీ మనిషికీ తేడా వచ్చినప్పుడు చివరి మాట ఎవరిదో కూడా ముందే ప్రకటించండి. కనీసం రెండు సీజన్లు అది ఆయనదే అయితే బాగుంటుంది.

మీ ఉత్తరంలో మీరు చిన్నదిగా చెప్పిన విషయం నా దృష్టిలో అన్నిటికంటే తొందరది. ఆఫీసు కుర్రాళ్ల ఫోన్లు.

58 లక్షల యంత్రం ఇంకా రాలేదు. ఏఐ మాత్రం మీ కొట్లోకి ఎప్పుడో వచ్చేసింది, ఎవరినీ అడక్కుండా. ఒక తప్పుడు హామీ ఇప్పటికే సరిహద్దు దాటింది. ఈసారి కొనుగోలుదారు మంచివారు కాబట్టి వారంలో సర్దుకుంది. కెనడాలో ఒక విమానయాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, దగ్గరి బంధువు చనిపోయిన ప్రయాణికుడికి టికెట్ తగ్గింపు గురించి తప్పు చెప్పింది. ఆ బాట్ మాటకు తమ బాధ్యత లేదన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోకుండా ప్రయాణికుడికి డబ్బు కట్టించింది. మీ మెయిల్ కూడా అంతే. ఏ యంత్రం రాసినా అది మీ కొట్టు మాటే.

రెండో ప్రమాదం బయటకు వెళ్లే సమాచారం. 2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు కొందరు కంపెనీ రహస్య కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తెలిశాక, ఆ సంస్థ తన ఉద్యోగులు అలాంటి సాధనాలు వాడకుండా ఆంక్షలు పెట్టింది. మీ దగ్గర కోడ్ లేదు. కొనుగోలుదారుల జాబితా ఉంది, ఎవరికి ఏ ధరకిచ్చారో ఉంది, రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు పాసు పుస్తకాల ఫొటోలు ఉన్నాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి, విడతలుగా అమలవుతోంది. రైతు తన పాసు పుస్తకాన్ని మీకిచ్చింది డబ్బు వేయడానికి. అది ఎవరి ఫోన్లో ఏ యాప్‌లోకి వెళ్లిందో మీరు చెప్పలేని పరిస్థితి ఉండకూడదు.

పూర్తిగా నిషేధించొచ్చు. అలా చేస్తే వాళ్లు బాత్రూంలో కూర్చుని వాడతారు, మీకు తెలిసే దారి మూసుకుపోతుంది. చూసీచూడనట్టు వదిలేస్తే ఇంకో మెయిల్ వెళుతుంది. నాకు నచ్చే దారి, కొట్టు పేరు మీద డబ్బు కట్టి ఒక వ్యాపార ఖాతా తీసుకోవడం. వాటిలో మనం పెట్టిన సమాచారాన్ని శిక్షణకు వాడబోమని ఒప్పందంలో సాధారణంగా రాస్తారు, చదివి చూసుకోండి. దాంతోపాటు తెలుగులో ఒక పేజీ నియమం గోడకు అంటించండి. మెయిల్ భాష సరిచేయించుకోవచ్చు, విదేశీ నిబంధనల పత్రాలు అర్థం చేసుకోవచ్చు, ఉత్తరాలు అనువదించుకోవచ్చు. రైతు వివరాలు, కొనుగోలుదారు పేరు, ధర పెట్టకూడదు. అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ, హామీ ఇచ్చే ప్రతి వాక్యాన్నీ అసలు ల్యాబ్ రిపోర్టుతోనో ఒప్పందంతోనో సరిచూసి, చూసినవాళ్ల పేరు రాశాకే పంపాలి. ఇది ఈ వారమే చేయగలరు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆఫీసు మీ చేతిలోనే ఉంది. ఆ మెయిల్ పంపిన కుర్రాణ్ని తిట్టి వదిలేయకుండా ఈ పేజీ రాసే పని అతనికే అప్పగించండి. ఎక్కడ జారుతుందో అతనికి బాగా తెలుసు.

ఇక మీ చివరి ప్రశ్న. బావగారి మాట నెగ్గితే మీ మాటకు విలువ ఉంటుందా అన్నారు. ఇందులో మీ భయం నాకు అర్థమవుతోంది. ఉద్యోగం వదులుకుని వచ్చిన చిన్నమ్మాయికి, ఇరవై ఏళ్లుగా వ్యాపారంలో ఉన్న పెద్దల్లుడికి మధ్య పోటీలా ఇది మారిపోయింది. అలా మారాక ఏ నిర్ణయమైనా ఒకరి ఓటమే అవుతుంది. బావగారు తప్పు మనిషని నాకనిపించలేదు. కంటైనర్లు పోయినప్పుడు ఏదో ఒకటి చేయాలని లేచింది ఆయనొక్కరే. ఆ మాట ఆయనతో అనండి. యంత్రం పరీక్షకు ఆయన్నే పెద్దగా ఉండమనండి. ఆఫీసు నియమాలు, కంపెనీతో ఒప్పందం మీరు చూసుకోండి. నాన్నగారిని మాత్రం ఒక్కటి అడగండి: ఈ ప్రయత్నంలో ఎంత పోయినా కొట్టుకు ఇబ్బంది లేదు? ఐదు లక్షలా, పదా? ఆ అంకె ఆయన నోటి నుంచి వచ్చాక మీ ఇద్దరి వాదనకూ ఒక హద్దు ఏర్పడుతుంది. దీనివల్ల మీరు కోల్పోయేదీ ఉంది. యంత్రం బాగా పనిచేస్తే పేరు బావగారికి వెళుతుంది. దానికి మీరు సిద్ధమో కాదో మీరే చూసుకోవాలి.

నెలాఖరు గడువు గురించి కంగారు పడకండి. అమ్మకానికి వచ్చినవాళ్లు ఇచ్చే తగ్గింపు వచ్చే నెలలో కూడా ఏదో ఒక పేరుతో ఉంటుంది. ఒకవేళ నిజంగా పోతే, చూడకుండా 58 లక్షలు పెట్టడం కంటే ఆ పోయేది తక్కువే.

ముందు బాబాయి దగ్గరకు వెళ్లండి, కొట్లో కాదు, వాళ్లింటికి. ఆయనకు ఏం నిర్ణయమైందో చెప్పడానికి వెళ్లకండి, ఆ రెండు కంటైనర్ల గురించి అడగడానికి వెళ్లండి. ఆ లాట్లు ఆయన చేతి మీదుగానే వెళ్లి ఉంటాయి. ఏం జరిగి ఉంటుందో ఆయనకు ఒక ఊహ ఉండే ఉంటుంది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పి ఉండరు. బావగారితో, నాన్నగారితో కూర్చోవడం ఆ తర్వాత. ఇది తిరగబడి, యంత్రం సంగతి ఖాయమయ్యాక ఆయన దగ్గరకు వెళితే, ఎంత మంచి మాటలు చెప్పినా అవి ఓదార్పు మాటలుగానే వినిపిస్తాయి. ఆ చిట్టాలో ఖాళీ గళ్లు నింపగల మనిషి అప్పుడు మీకు దొరకరు.